బ్లాంకులో పాలు

లండన్, ఒంటారియో

ధాత్రక్కా,

నువ్వూ ల్యాబ్‌లో పనిచేసినదానివేగా, ఒక్క మాట చెప్పు.

మా మెషీన్ వెంట్రుకంత సన్నని గొట్టంలో పెప్టైడ్లను విడదీసి, తూచి, ఏ ప్రోటీన్ ముక్కలో చెబుతుంది. కానీ బ్లాంకని ఉత్త నీళ్లు పెట్టినా ఆవుపాల ప్రోటీన్ కనిపిస్తోంది. ఇలాగైతే రోగుల శాంపిల్స్ పెట్టలేం. "ఇక్కడ పాలెవరు తాగుతున్నారు?" అని ప్రొఫెసర్ అడిగితే నేను కాదన్నాను. నేను పాలు ముట్టనని నీకు తెలుసుగా. పాలు పోసిన కాఫీ తాగుతాడని నాతోపాటు పనిచేసే వంశీధర్‌ను మెషీన్ దగ్గరికి రావద్దన్నారు. పాపం, అతని థీసిస్ ఆగిపోయింది. పాలు మాత్రం పోలేదు.

నిన్న లంచ్ డబ్బా కడుగుతుంటే అనుమానం వచ్చింది. రోజూ పెరుగన్నం చేత్తోనే కలుపుకుంటాను. చెయ్యి కడుక్కున్నాకే గ్లవ్స్ వేసుకుంటాను. అయినా మిగులుతుందా? అసలు పెరుగును పాల లెక్కలో వేయాలని నాకు తట్టనే లేదక్కా! చెబితే నన్నూ ఆపేస్తారేమో.

ఈరోజు స్పూన్‌తో తిన్నాను. "చేతికేమైంది, దెబ్బ తగిలిందా?" అని వంశీధర్ కంగారుపడ్డాడు. ఏదో గొణిగాను.

సాయంత్రం బ్లాంకులో పాలు లేవు.

ఇప్పుడే అతని మెసేజ్ వచ్చింది, చెయ్యి ఎలా ఉందని. ఏం రాయను?

నీ చెల్లి