మధ్యాహ్నానికి తగ్గే నొప్పి

ఏమండీ, అన్నం కుక్కర్‌లో ఉంది. పప్పు వేడి చేసుకోండి. సంజె దీపం ఈ రోజు మీరే పెట్టండి.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ కీళ్లవాతమే అన్నారు. పొద్దున వేళ్లు బిగుసుకుపోయి, ఎండెక్కేకొద్దీ వదులవడం దాని గుర్తేనట. "ముగ్గేసేటప్పుడే నొప్పప్పా, సీరియల్ చూసేటప్పుడు ఉండదు!" అని మీ అక్క ఇంట్లో వ్రతం రోజు మీరు నన్ను చూపించి అందరినీ నవ్వించారు కదా.

ఇప్పుడు మడివాళలో ఆ ఇంటికే భజనకు వెళ్తున్నాను. దీపం పెట్టి మీరూ రండి. నవ్విన వాళ్లందరి ముందు నా జబ్బు పేరు మీ నోటితోనే చెప్పండి. రాకపోతే మీ మాటతో సహా నేనే చెబుతాను.

వనజాక్షి

దేవుడి ముందు ఇంత పగ ఉండొచ్చా అంటారేమో. నాకూ తెలియదు. మీరు చెప్పాకే హారతి కళ్లకద్దుకుంటాను.