సబ్బు తగలని తొట్టి

అక్టోబర్ 4

ల్యాబ్ ఉన్న ఊరు చేరాను, కొత్త దేశం. గది మూడో అంతస్తులో. కిటికీ తీస్తే బస్టాండు. మా ఊరు బ్ర్నోలో నా గది కంటే చిన్నది కానీ హీటర్ పనిచేస్తోంది. ఫెలోషిప్ ఏడాది. ఈలోగా ఒక పేపర్ రావాలి. రాకపోతే బ్ర్నోలో మా ప్రొఫెసర్ కుబాట్ సార్ నన్ను మళ్ళీ పెరుగు కంపెనీ శాంపిల్స్ దగ్గర కూర్చోబెడతారు.

అక్టోబర్ 9

కొండమీదికి వెళ్ళాను, ఓడెట్ షసాన్ గారి ఫారానికి. ల్యాబ్ కారులో యాభై నిమిషాలు. ఆమెకు అరవై రెండు. భర్త మరియూస్‌కి అరవై తొమ్మిది, మోకాలు ఈడుస్తూ నడుస్తాడు. ముప్పై ఎనిమిది ఆవులు. నేను వచ్చింది వీళ్ళెవరి కోసమూ కాదు, చీజ్ గదిలో ఉన్న చెక్క తొట్టి కోసం. ఓడెట్ వాళ్ళమ్మ వాడిన తొట్టి అది. పిండిన పాలు వేడి తగ్గకుండా అందులో పోస్తారు. తోడు వేయరు. తొట్టే తోడు. ఎనభై ఏళ్ళుగా చెక్కకి అంటుకుని ఒక జిగురు పొర ఉంది, పాలని పులియబెట్టేదంతా అదే. నా ప్రాజెక్ట్ కూడా అదే.

గ్లవ్స్ వేసుకుని తొట్టి లోపల పద్నాలుగు చోట్ల దూదిపుల్లతో రుద్దాను. ఏమ్మా డాక్టరమ్మా, దీనికి జ్వరమా, గొంతు నొప్పా అంది ఓడెట్. నేను నవ్వలేదు. లెక్క తప్పుతుందని.

వెళ్ళేముందు చెప్పింది. సబ్బు వద్దు, వేడినీళ్ళు వద్దు, చన్నీళ్ళూ బ్రష్షూ అంతే, చివర చీజ్ తీశాక మిగిలిన తేట కాస్త చల్లాలి. అదే మాట మూడుసార్లు చెప్పింది. నాకు తెలుసండీ అన్నాను. తెలిసినవాళ్ళకే మూడుసార్లు చెప్పాలి తల్లీ అంది.

నవంబర్ 15

చీజ్ పని ఈ ఏటికి ఆఖరు. తొట్టి బోర్లించారు. మధ్యాహ్నం బంగాళాదుంపల్లో పచ్చి చీజ్ వేసి సాగదీసి పెట్టారు. మరియూస్ నన్ను ప్రాగ్ పిల్లా అంటాడు. బ్ర్నో అని ఆరుసార్లు చెప్పాను. ఏదైతేనేం, రెండూ అటువైపేగా అన్నాడు.

కిటికీలోంచి ఎదురు గుట్టమీద ఒక పొగగొట్టం కనిపిస్తే అదెవరిల్లు అని అడిగాను. మరియూస్ లేచి బయటికి పోయాడు. తర్వాత కొట్టంలో ఓడెట్ చెప్పింది. మరియూస్ తమ్ముడు ఫెర్నాన్‌ది. హద్దు మీద ఊట నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగిందట. పందొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. అన్నదమ్ములిద్దరూ ఉప్పూ నిప్పూ. ఈ ఇంట్లో ఆ పేరెత్తకు అంది.

డిసెంబర్ 6

సిసిలీ. ఇక్కడా చెక్క తొట్టి వాడతారు, పోల్చి చూడాలని వచ్చాను. కార్మెలో అనే ఆయన తన తొట్టిని పెళ్ళాం కూడా ముట్టుకోకూడదన్నాడు. వెనకే నిలబడ్డ పెళ్ళాం, ముట్టుకోమని బతిమాలినా ముట్టుకోను, నాకేం పట్టింది అంది. శాంపిల్స్ బాగా వచ్చాయి.

జనవరి 20

ఇంటికెళ్ళి తిరిగొస్తూ బాసెల్ స్టేషన్. రైలు తప్పిపోయింది. నాలుగు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 27

రిజల్ట్స్ వచ్చాయి. ఓడెట్ తొట్టిలో ఇంకెక్కడా లేని బ్యాక్టీరియా రకాలు పద్నాలుగు ఉన్నాయి. సిసిలీలో లేవు, ఏ డేటాబేస్‌లోనూ లేవు. కుబాట్ సార్ ఈమెయిల్‌లో మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టారు. ఆరేళ్ళలో ఒక్కటి కూడా పెట్టిన మనిషి కాదు.

ఓడెట్‌కి ఫోన్ చేసి చెప్పాను. అది మా అమ్మలే, ఆవిడా ఇంకెక్కడా లేని రకమే అంది.

ఏప్రిల్ 16

పని మొదలైంది. సెప్టెంబర్ దాకా ఫారం మేడమీద గదిలోనే ఉంటాను. దూడ వీపు మీద ఉప్పు చల్లి తల్లి ముందు కట్టేస్తే అది నాకుతూ పాలు చేపుతుంది. లేకపోతే చుక్క వదలదు. ఉప్పు చల్లడం నాకు అప్పగించారు. దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

మే 10

ఇంకెవరికీ చెప్పను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోంది. ఓడెట్, మరియూస్ ఇద్దరూ కొట్టంలోనే ఉన్నారు. తొట్టి కడగమని నాకు చెప్పింది. మొదటిసారి. గర్వంగా అనిపించింది. చన్నీళ్ళతో కడిగాను, బ్రష్షుతో రుద్దాను. అంచు కింద బొటనవేలంత బూజు కనబడింది. నా చెయ్యి ఏప్రన్ జేబులోకి పోయింది. శాంపిల్ తీసే ఫ్రేమ్ తుడవడానికి ల్యాబ్ స్ప్రే ఎప్పుడూ అందులో ఉంటుంది. ఆరేళ్ళుగా బూజు కనబడితే నా చెయ్యి చేసే పని ఒకటే. చేసేసింది. నాలుగుసార్లు నొక్కింది.

అప్పుడు తెలివొచ్చింది. స్ప్రే కారి అడుగుకి పోతోంది. చన్నీళ్ళకి వదలదు. గోడకి బాయిలర్ కుళాయి ఉంది. మరిగే నీళ్ళు ఒక బకెట్ పోసి రుద్దాను. వాసన పోలేదు. ఇంకో బకెట్. ఇంకోటి. నాలుగో బకెట్‌కి వాసన పోయింది. పొరా పోయింది. చెక్క కొత్త బల్లలా పసుపుపచ్చగా తేలింది. ఆ పొర గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఈ దేశంలో లేరు. ఆ నేనే రుద్దాను.

చెంబుడు తేట తెచ్చి లోపలంతా పూశాను. రంగు మారడానికి. అది దాచడమే. తెలిసే చేశాను.

ఓడెట్ వచ్చింది. మోచేతుల దాకా రక్తం. ఆడదూడ అంది. బాగా కడిగావా అంది. కడిగానన్నాను.

మే 11

ఏమీ కాలేదు. పొర అంత తేలిగ్గా చావదని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తు రావడం లేదు.

మే 14

పాలగడ్డ పులవడం లేదు. ఓడెట్ ముక్క తుంచి నోట్లో వేసుకుని, చప్పగా ఉందేంటి, వానాకాలం గడ్డి తిన్నాయా ఏంటివి అంది.

మే 18

అచ్చుల్లోంచి తీసిన చీజ్‌లు రెండూ ఫుట్‌బాల్‌లా ఉబ్బాయి. కోస్తే లోపలంతా బుడగలు. పందులకి వేశారు. ఎవరైనా తొట్టి పేరెత్తితే చాలు, గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంటున్నాను. ఎవరూ ఎత్తలేదు. ఎవరికీ అనుమానం రాకపోవడమే ఎక్కువ భయంగా ఉంది.

మే 19

పాత దూదిపుల్లలు గుర్తొచ్చాయి. లేచి కూర్చున్నాను. కానీ వాటిని వేసిన ద్రవంలో ఏదీ బతకదు. ఆ పద్నాలుగు రకాలూ ఇప్పుడు జాబితాలో పేర్లే.

మే 25

ఎనిమిది చీజ్‌లు పందులకి.

ఓడెట్ భోజనం దగ్గర రెండు చేతులూ బల్లమీద పెట్టి చూసుకుంది. మా అమ్మకీ చివర్లో ఇలాగే అయింది, చేతివాటం పోయింది, అరవై మూడు నిండకముందే మానేసింది అంది. నాకూ వచ్చిందేమో ఆ ఘడియ అంది. మరియూస్, పోనీలే, పాలు డెయిరీకి పోసేద్దాం, నడుం కాస్త కుదుటపడుతుంది అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఆమె లేచి గిన్నెలు తీసేసింది. ఆయన గిన్నెలో సూప్ ఇంకా ఉంది.

నేను తింటూ ఉన్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

మే 30

ల్యాబ్‌కి పంపిన మే నెల శాంపిల్స్ వచ్చాయి. గ్రాఫ్ నిట్టనిలువుగా పడిపోయింది. కుబాట్ సార్ ఫోన్ చేశారు. ఏం జరిగిందక్కడ, ఇంత అందమైన పతనం నేను ఎన్నడూ చూడలేదు, పేపర్ దీనిమీదే రాద్దాం అన్నారు. కారణం తెలియదన్నాను. తెలియకపోతే మరీ మంచిది, మిస్టరీ అంటే జర్నల్స్‌కి ఇష్టం అన్నారు.

డెయిరీ వాళ్ళు సోమవారం వచ్చి ఓడెట్‌తో మాట్లాడతారట.

జూన్ 1

చెప్పేశాను.

చీజ్ గదిలో, నిలబడే. స్ప్రే, నాలుగు బకెట్లు, పూసిన తేట, అన్నీ వరసగా. రిపోర్ట్ చదివినట్టే చెప్పాను. ఇంకోలా చెప్పడం నాకు రాదు.

ఓడెట్ ముందు తన చేతులు చూసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నవ్వింది. నావి కాదన్నమాట, నా చేతులకేం కాలేదన్నమాట అని రెండుసార్లు అంది. ఆ నవ్వు చూసి నేనూ నవ్వబోయాను. అంతలో నా మెడలోంచి ఏప్రన్ లాగేసింది. బయటికి నడు అంది.

వాకిట్లో వానలో నిలబడ్డాను. అరగంటో, ఇంకాసేపో. ఆమె గుమ్మంలోకి వచ్చి అక్కణ్ణించే అరిచింది. ఏమే, ఆ రోజే చెప్పుంటే ఏం పోయేది, ముందురోజు తేట పందుల పీపాలో నిండా ఉంది, అది పోసి రెండు రోజులు నానేస్తే మళ్ళీ బతికేది, మూడు వారాలు నోట్లో బెల్లం గడ్డ పెట్టుకుని కూర్చున్నావు, చంపింది వేడినీళ్ళు కాదు, నువ్వు అంది.

అది నాకు తట్టలేదు. పీపా పక్కనుంచి రోజూ నడిచాను.

జూన్ 2

పొద్దున్నే నా గది తలుపు కొట్టింది. చేతిలో రెండు పాల క్యాన్లు. ఇక్కడి మర్యాద ఒకటుంది. ఎవరి తొట్టి చెడినా పక్క ఫారం వాళ్ళు తేట ఇస్తారు, అడిగితే కాదనరు. పక్క ఫారం అంటే ఫెర్నాన్‌దే. వేరేవాళ్ళంతా ఎప్పుడో స్టీలు తొట్లకి మారిపోయారు.

నేను ఆ గడప తొక్కను, కడిగింది నువ్వు, పోయేదీ నువ్వే అంది. మరియూస్ పై బీట్లో కంచె కడుతున్నాడు, సాయంత్రం దాకా రాడు, ఆయన చెవిన పడిందో, తొట్టిని కొండమీంచి దొర్లించేస్తాడు, ఒట్టు అంది.

ఫెర్నాన్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కుక్క మొరుగుతుంటే ఆపలేదు. క్యాన్లు చూసి, సబ్బుతో గానీ కడిగారా అన్నాడు. లేదన్నాను. ఎవరికి అన్నాడు. ఓడెట్ గారికన్నాను. ఇంకేం అడక్కుండా రెండూ అంచుదాకా నింపాడు. కారు దాకా తనే మోసుకొచ్చాడు. ఆయన ఇంకా కాలు ఈడుస్తున్నాడా అన్నాడు. అవునన్నాను. ఊట నీళ్ళలో పావుగంట పెట్టుకోమను, లాగేస్తుంది నొప్పి అన్నాడు. నేను కారు తీస్తుంటే అద్దం మీద తట్టి, నేనన్నానని చెప్పకులేమ్మా అన్నాడు.

ఓడెట్ తేట మొత్తం తొట్టిలో పోసి గుడ్డ కప్పింది. నాతో మాట్లాడలేదు.

జూన్ 3

డెయిరీ వాళ్ళు వచ్చారు. ఓడెట్ కాఫీ ఇచ్చి, నెల ఆగండి అంది.

జూన్ 12

పులిసింది.

ఓడెట్ ముక్క నమిలి, నా చేతిలో ఒక ముక్క పెట్టింది. నేను చెప్పేసిన పదకొండు రోజులకి. తిను, తిని ఎలా ఉందో మనిషిలా చెప్పు, నంబర్లు చెప్పకు అంది. పుల్లగా ఉందన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఛ, ఉప్పెక్కువవుతుంది, అవతలికి పోయి ఏడు అంది.

జూన్ 13

కుబాట్ సార్‌కి రాశాను. మిస్టరీ లేదు, తొట్టిని కడిగింది నేనే, పేపర్‌లో అలాగే రాస్తాను అని. జవాబు సాయంత్రం వచ్చింది. అనుకోని శుభ్రత సంఘటన అని రాద్దాం అన్నారు. పరిశోధకురాలు కడిగింది అని రాద్దాం అన్నాను.

జులై 28

ఎండలు. ఈగలు. చీజ్‌లు నేలమాళిగలో వరసగా ఉన్నాయి, ఉబ్బకుండా. మరియూస్, చూశావా, చేతులకి కాస్త విశ్రాంతి కావాలంతే అని ఓడెట్‌ని మెచ్చుకున్నాడు. ఆమె నావైపు చూడలేదు. నేనూ చూడలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఎలా ఆపుకుందో.

సెప్టెంబర్ 11

ఆఖరి శాంపిల్స్ వచ్చాయి. ఇప్పుడు తొట్టిలో ఉన్నది దాదాపు అంతా ఫెర్నాన్ తొట్టిదే. పద్నాలుగు రకాల్లో రెండు మిగిలాయి. బహుశా దాచడానికి నేను పూసిన తేటలోవి.

ఈసారి ఒక్క గంట కూడా ఆగలేదు. ఓడెట్ బంగాళాదుంపలు చెక్కుతోంది. చెప్పాను. అమ్మది పోయిందన్నమాట అంది. రెండున్నాయన్నాను. చెక్కుతూనే ఉంది. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే, కత్తి ఇంకోటుంది, తీసుకుని కూర్చో అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరం బుట్టెడు చెక్కాం.

సెప్టెంబర్ 21

రేపు జూన్ చీజ్ కోస్తారు. మొదటి ముక్క ఎప్పుడూ మరియూస్‌దే. ముప్పై ఆరేళ్ళుగా నా చీజ్ తిన్న నోరది, తేడా పసిగట్టకుండా ఉంటుందా అంది ఓడెట్. ముందే చెప్పేయండి అన్నాను. నువ్వా నాకు చెప్పేది అంది. కానీ సాయంత్రమంతా మరియూస్ వెనకాలే తిరిగింది. రెండుసార్లు నోరు తెరిచింది. ఒకసారి వాన పడేలా ఉందంది. ఇంకోసారి ఆయన కప్పు తీసి కడిగేసింది.

సెప్టెంబర్ 22

మరియూస్ ముక్క నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

ఇది ఫెర్నాన్‌దేగా అన్నాడు.

పందొమ్మిదేళ్ళ నుంచి వాడి మొహం చూడలేదుగా, వాడి చీజ్ ఎక్కడ తింటున్నావయ్యా అని ఓడెట్ అడిగింది.

ఆయన కత్తి అందుకుని ఇంకో ముక్క కోసుకున్నాడు.