సుగుణ పేరు మీద కొక్కెం

సెప్టెంబరు 2, బుధవారం

ఆడపిల్ల! మా సుగుణకు ఆడపిల్ల! పెళ్లైన తొమ్మిదేళ్లకు — స్తోత్రం, వెయ్యి స్తోత్రాలు! అల్లుడు నాగేష్ జహీరాబాద్ నుంచి తానే ఫోన్ చేశాడు. "మామా, పాప పుట్టింది." నన్ను మామా అన్నాడు! ఇన్నేళ్లలో మొదటిసారి. ఆటో స్టాండులో అందరికీ పేడాలు పంచాను. "తాతా, నువ్వే కన్నట్టు జేస్తున్నవ్!" అన్నాడొకడు. అననీ!

నవంబరు 9, సోమవారం

సంఘపెద్ద దావీదు వచ్చి కాగితాల కట్ట నా ఒళ్లో పెట్టాడు. సంఘం కుటుంబాల పుస్తకం, తొమ్మిది పదేళ్లకోసారి వేసేది. "రత్నమన్నా, ముప్పై ఏండ్లు ప్రెస్సుల అక్షరాలు పేర్చినోనివి. ప్రూఫు నువ్వే సూడాలె." ఏడో తరగతి చదివినవాణ్ణి — ఇంత గౌరవం!

మా ఇంటి పేరు వెతికాను. కింద నేను, నా భార్య ఎస్తేరు. అంతే. పోయినసారి పుస్తకం చూసి ఎక్కించినట్టున్నారు.

నవంబరు 10

సుగుణ ఫోన్. "నాయినా, ఆదివారం పాపను ప్రార్థనకు తెస్తున్నం. కొత్త పుస్తకంల నా పేరుంటదా? మల్ల దావీదు మామ తీసేపిస్తడా?"

పక్కనుంచి ఎస్తేరు — "తియ్యమను జూద్దాం! మొగుడు వేరే మతపోడైతే నా బిడ్డ నా బిడ్డ గాకుంట పోతదా? ఈసారి అందరి ముందల అడుగుత."

నవ్వాను.

తీసింది దావీదు కాదు.

నవంబరు 11

రాస్తాను. ఇక్కడైనా.

సుగుణ నాగేష్‌తో వెళ్లిపోయిన ఎనిమిదో రోజు. అప్పుడూ ప్రూఫు నా చేతికే వచ్చింది. మా ఇద్దరి పేర్ల కింద దాని పేరు, ఒక్క తప్పు లేకుండా. ఎర్ర కలంతో పేరు మీద గీత, పక్కన తీసెయ్యమనే కొక్కెం — ఒక చుట్టు, ఒక తోక. రెప్పపాటు పని. పుస్తకం వచ్చాక ఎస్తేరు ఏడుస్తుంటే, "పెద్దలు తీసేసిన్రు" అన్నాను.

అప్పటినుంచి ఎస్తేరు దావీదు ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టదు. ఎందుకో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

నవంబరు 12

పొద్దంతా మా పాత ఫోర్మన్ సాబ్ గుర్తుకొస్తున్నాడు. చేరిన కొత్తలో ఆ గుర్తును కొక్కెం అంటే నవ్వాడు. "కొక్కెం గాదు బేటా, అక్షరం. ఎప్పటిదో రోమోళ్ల మాట. దాని మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది, తోక మెలిదిరిగి. తుడిచెయ్ అని హుకుం."

తుడిచెయ్! రోజూ మోకాళ్ల మీద అడిగేది అదే కదా — నా తప్పులు తుడిచెయ్యి ప్రభువా అని. అదే మాటతో కన్నబిడ్డను...

పట్టకారులాంటి చిమటాతో తీసిన సీసపు అక్షరాలు మళ్లీ తమ గళ్లలోకి పోయేవి. రేపు ఇంకో పేరులోకి వచ్చేవి. ఏదీ చచ్చేది కాదు. కానీ తీశాక మిగతావాటిని దగ్గరికి జరపాలి. "ఖాళీ కనవడొద్దు రత్నం, కనవడ్తే నువ్వు పనోనివే గాదు."

మంచి పనివాణ్ణి నేను. ఇంట్లో కూడా జరిపేశాను.

నవంబరు 13

రాశాను! నాగేష్, సుగుణ, ఇంకా పేరు పెట్టలేదు కాబట్టి ఉత్త 'పాప' — మూడు పేర్లు, ముత్యాల్లాగా!

సాయంత్రం దావీదు చూశాడు. "శానా మంచిగైందన్నా! మరి పోయినసారి బిడ్డ పేరెందుకు లేదు? మేమైతే తియ్యలే. కొత్త పేర్లు ఆదివారం అందరి ముందల సదువుతం. పాత ప్రూఫు అల్మారల్నే ఉన్నది, తెస్త. ఎవ్వని తప్పో తెలుస్తది."

ఎర్ర సిరా. నా చేతి కొక్కెం. సంఘంలో అందరూ గుర్తుపడతారు.

నవంబరు 14

మూడు పేర్ల మీద గీత గీసి, కొక్కెం పెట్టాను. నీళ్లు తాగొచ్చి పేర్ల కింద చుక్కలు పెట్టాను — కొట్టేసింది ఉండనివ్వు అని గుర్తు. మళ్లీ చుక్కలు గీకాను. కాగితం పలచబడింది.

పేర్లు ఉంటే అవి చదివేటప్పుడు పాత ప్రూఫు బయటికొస్తుంది, నేను దొరికిపోతాను. లేకుంటే సుగుణ మళ్లీ లేకుండా పోతుంది. బోనులో ఎలుకకు కూడా వచ్చిన దారి ఒకటి కనిపిస్తుంది...

ఎస్తేరు చీర ఇస్త్రీ చేస్తూ పాడుతోంది.

నవంబరు 15, ఆదివారం, పొద్దున

వచ్చారు! పాప నా వేలు పట్టుకుంది — వదలదు! ఏం పట్టు, ఏం బలం! నాగేష్ వంగి నా కాళ్లు మొక్కాడు. సుగుణ పాపను నా ఒళ్లో పెట్టి, "పేరు నువ్వే పెట్టు నాయినా. పుస్తకంల ఎక్కాలె గదా" అంది.

ఆ గుప్పిట్లోంచి వేలు తీసుకోవడానికే చాలాసేపు పట్టింది. చుక్కలు మళ్లీ పెట్టాను. గట్టిగా, కాగితం అవతలికి దిగేలా. ప్రూఫు కాగితం జేబులో పెట్టుకున్నాను.

ఎస్తేరును వంటింట్లోకి పిలిచాను. "ఒక్క మాట జెప్పాలె నీకు."

"వచ్చినంక జెప్పు. ముందుగాల ఆ దావీదును అడగనియ్యి."

ప్రార్థన గంట కొడుతున్నారు. ఎస్తేరు చెప్పులు తొడుక్కుంటోంది —