దెయ్యాల బహుమతికి నా నిష్పాక్షిక జోస్యం

మార్చి 1, ఉదయం 6.15
ఈ ఏటి దెయ్యాల నవలల బహుమతికి చివరి ఐదు పుస్తకాల జాబితా వచ్చేసింది! మూడేళ్ళుగా గెలిచేదెవరో ముందే చెప్పి, మా చదువరుల సంఘం బోర్డు మీద రాయిస్తున్న ఘనుణ్ణి నేనే. మూడుకి మూడూ కరెక్ట్! బావమరిది నన్ను 'జోస్యం బావ' అనే పిలుస్తాడు.

ఈసారి ఒక చిక్కొచ్చింది. ఆ ఐదుగురిలో ఒకరు మా ఆవిడ. మొదటి నవలకే!! ఇంట్లో ఎవరికీ కాలు నిలవడం లేదు.

అందుకే ప్రతిజ్ఞ: జోస్యం లెక్క ప్రకారమే. మొహమాటం లేదు, పెళ్ళాం లేదు. ఒక్క పుస్తకమూ తెరవను. చదివితే మనసు ఒకవైపు మొగ్గుతుంది. (నిజం చెప్పాలంటే ఇన్నేళ్ళలో ఒక్కటీ చదవలేదు. నాకు దెయ్యాలంటే భయం. ఈ సంగతి డైరీకి తప్ప ఎవరికీ తెలీదు.)

మార్చి 3, మధ్యాహ్నం, కళ్ళజోళ్ళ షాపులో
బేరాల్లేవు. పట్టిక గీశాను. గడులు: పేజీలు. పాత బహుమతులు. పత్రికల్లో సమీక్షలు. అట్ట మీద తలుపు బొమ్మ. గెలిచిన ముగ్గురి అట్టల మీదా సగం తెరిచిన తలుపే ఉంది మరి! ఇది శాస్త్రం!

రిటైరైన పోలీసాయన నవలకి అందరికన్నా ఎక్కువ, 41 మార్కులు. మా ఆవిడకి 17.

ఐదుగురిలో ఐదో స్థానం. మళ్ళీ కూడి చూశాను. పదిహేడే. ఆ కంగారులో ఎవరికో ఎడమ కంటి అద్దం కుడివైపు బిగించేశాను.

మార్చి 6
మా ఆవిడ పుస్తకం అట్ట మీద కిటికీ ఉంది. కిటికీ అంటే చిన్న తలుపే కదా? రెండు మార్కులు కలిపాను. ఇది పక్షపాతం కాదు, సవరణ!

మార్చి 8
చివరనున్న ఖాళీ పేజీలు కూడా లెక్కేశాను. 21. అయినా ఐదో స్థానమే. ఖర్మ!

మార్చి 11, ఉదయం 7.30
కొంప మునిగింది.

కాఫీ తాగుతూ ఆవిడ మామూలుగానే అడిగింది. "ఏవండీ, చివర్లో ఆ పనిమనిషి సంగతి మీకెలా అనిపించింది?"

"అద్భుతం! ఒళ్ళు జలదరించిందనుకో!"

"నా నవల్లో పనిమనిషే లేదు."

పుస్తకం అచ్చయి ఎనిమిది నెలలు. అచ్చయిన వారానికే "చదివేశాను, బ్రహ్మాండం" అన్నది నేనే. ఇక దాచి లాభం లేదని ఒప్పేసుకున్నాను. పదకొండో పేజీలో మెట్ల కింద ఎవరో దగ్గారు. మూసేశాను. మళ్ళీ ముట్టుకోలేదు.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పట్టిక కూడా ఆవిడ కంటబడింది.

"ఐదో స్థానమే ఇవ్వండి, నాకేం బాధ లేదు. చదివి ఇవ్వండి," అంది. బ్యాగు తగిలించుకుని పనికి వెళ్ళిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 12, షాపులో
10.00 పుస్తకం తెరిచాను. ప్రతిజ్ఞ గాలికి పోయింది.
10.20 పదకొండో పేజీ. దగ్గు.
10.21 మూశాను.
10.30 షాపులో లైట్లన్నీ వేసి మళ్ళీ తెరిచాను.
11.45 వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది! నా కేక వీధి చివరిదాకా వినబడిందట. చూస్తే, చత్వారం అద్దాల కోసం వచ్చిన పెద్దావిడ. పాపం, ఆవిడే నాకు మంచినీళ్ళు తాగించింది.
4.30 తొంభయ్యో పేజీ!

మార్చి 15
అయిపోయింది.

మెట్ల కింద దగ్గేది కథలోని చిన్నపిల్ల తల్లి. చచ్చిపోయాక కూడా పిల్ల స్కూలు నుంచి వచ్చేదాకా అక్కడే కూర్చుంటుంది. ఉన్నట్టుండి కనబడితే పిల్ల జడుసుకుంటుందని ముందుగా దగ్గుతుంది. అంతే!

షాపులో కూర్చుని ఏడ్చాను. ఇదంతా మా ఆవిడ వంటింటి బల్ల మీద రాసింది. నేను పక్కగదిలో గడులు గీసుకుంటూ కూర్చున్నాను, దద్దమ్మని.

మార్చి 20
బోర్డు మీద మా ఆవిడ పేరు రాయించాను. "లెక్క ప్రకారమేనా?" అన్నారు లైబ్రేరియన్ గారు. "కాదండీ, చదివి," అన్నాను.

బావమరిది ఫోను. "ఏం బావా, అక్కకి భయపడ్డావా?"

"పుస్తకానికి భయపడ్డానురా!"

ఏప్రిల్ 2, సాయంత్రం
ఫలితం వచ్చింది. పోలీసాయనే! నా లెక్క అక్షరాలా నిజమైంది, నా జోస్యం మట్టిగొట్టుకుపోయింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయి జడ్జీలని నోటికొచ్చినట్టు తిట్టాను.

"వాళ్ళని వదిలేయండి," అంది. "ఆ దగ్గు తల్లిదని మీకు ఎక్కడ తెలిసింది?"

చెప్పడం మొదలుపెట్టాను. రెండుసార్లు పెట్టిన టీ రెండుసార్లూ చల్లారిపోయింది. "ఎనిమిది నెలలుగా ఈ మాటల కోసమే చూశాను," అంది.

ఏప్రిల్ 3, ఉదయం 6.00
మళ్ళీ ప్రతిజ్ఞ! పోయిన పరువు తెచ్చుకోవాలి. వచ్చే ఏడు జోస్యం లెక్క ప్రకారమే. ఒక్క పుస్తకమూ తెరవను. ఈసారి ఖాయం!

6.40
ఆవిడ ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. రెండో నవలట. ఇంకా ఎవరికీ చూపించలేదట. "మొదట మీరే చదవాలి. బాగోకపోతే బాగోలేదనే చెప్పండి."

ప్రతిజ్ఞ వచ్చే వారం నుంచి.

6.50
మొదటి పేజీలోనే ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు. కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకుని చదువుతున్నాను.