నీ సంవత్సరీకానికి పోసిన గ్లాసు

శ్రీనూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. అమీర్‌పేటలో మనతో కోచింగ్ తీసుకున్న బ్యాచంతా ఎస్.ఆర్. నగర్‌లో నేనింకా ఉంటున్న మన గదికి వచ్చారు. ఇప్పుడు అందరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. నీ ఫోటోకి దండ వేసి, దాని ముందు మందు గ్లాసు పెట్టారు. నువ్వేమో ఆ వాసనకే మొహం తిప్పుకునేవాడివి. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న నిన్ను గుద్దింది తాగినవాడి కారేనని వాళ్లలో తెలియనివాడు లేడు. అయినా మన మహేశ్ గ్లాసులో వేలు ముంచి, నీ పేరు చెప్పి నేల మీద చుక్కలు చిలకరించాడు.

రాత్రయితే పోలీసులు ఆపి ఊదిస్తారని మధ్యాహ్నమే మందు పెట్టుకున్నారట!

"తాళాలు ఇటివ్వు. ఆటోలో వెళ్లు" అన్నాను మహేశ్‌తో.

"గింత దానికి ఫికర్ ఏంది భాయ్? పగటిపూట ఎవడు ఊదిపిస్తడు?" అని నవ్వాడు. వేస్ట్ అయితదంటూ నీ గ్లాసు కూడా ఎత్తి తాగేసి, పంజాగుట్ట వైపు బండి తిప్పాడు.

నేల ఎంత కడిగినా వాసన పోలేదు. ఆ సిగ్నల్ దగ్గర నీలాగే ఎవరో బుద్ధిగా ఆగి ఉంటారు.