నాయనకు ఇన్సులిన్ తగ్గింది

తిరుపతి, బుధవారం

అవ్వకు ఎస్తేరు వందనాలు. ఫోనులో చెబితే నమ్మవని రాస్తున్నాను, శుభవార్తే.

నాయనకు కిడ్నీలు పాడయ్యాక ఇన్సులిన్ ఎంత పెంచినా చక్కెర దిగేది కాదు కదా. విటమిన్ డి బాగా తక్కువుందని డాక్టరమ్మ దానికి మందు మొదలుపెట్టింది. "ఎముకల మందు చక్కెరకేం జేస్తాది?" అని నాయన అప్పట్లో నవ్వాడు. ఈరోజు డయాలిసిస్ జరుగుతుంటే ఆమే వచ్చి, "ఏబెల్ గారూ, ఆ విటమిన్ మందుతో ఇన్సులిన్ ఇప్పుడు మీ ఒంట్లో బాగా పనిచేస్తా ఉండాది, దాని డోసు తగ్గిస్తాను. అందరికీ ఇట్ల కాదు. మీరుగా మాత్రం ఇన్సులిన్ మానేయొద్దు" అంది. నాయన సంతోషంలో సూదులున్న చేత్తోనే చప్పట్లు కొట్టాడు. మిషను గట్టిగా మోగింది. నర్సు అమల పరుగున వచ్చి, "చెయ్యి కదపొద్దంటే ఇనవా అన్నా!" అని కసిరి, తానూ నవ్వేసింది.

ఊరగాయ పంపొద్దు, నాయనకు ఉప్పు కూడదు. నల్లావు ఈనిందా? మిద్దె కారడం ఆగిందా?

ఆదివారం మన వడమాలపేట చర్చిలో పాట తనే పాడతానని నాయన పాస్టరుగారికి మాటిచ్చాడు. "మాయమ్మను ముందు వరసలో కూర్చోమను. నాకోసం ఇన్నాళ్లు ఏడ్చింది సాలు" అంటున్నాడు.

తమ్ముడికి ముద్దులు. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

నీ ఎస్తేరు