గడపకు రాసిన పసుపు

చిత్తూరు, 1981, శుక్రవారం

అత్త వంటింటి గడప దగ్గర జారిపడి నేటికి వారం. విరిగిన కాలికి పుత్తూరు కట్టుతో మంచం మీదే ఉంది. ఇంట్లో ఇంకెవరూ పడకూడదని ఆయన ఒకటే హడావుడి. స్నానాల గదిలో నున్నటి బండలను గరుకుగా కొట్టించారు. నడవలో పెద్ద బల్బు పెట్టించారు. ఈరోజు వడ్రంగిని పిలుచుకొచ్చి గడప చూపించారు.

"ఎంతెత్తు ఉండాదో సూడప్పా. అందుకే కాలు తగిలింది. రెండంగుళాలు కోసెయ్."

అత్త మంచం మీంచే అరిచింది. "శుక్రవారం పూట గడపకు రంపం పెడతావంట్రా? లచ్చిమిని కోస్తావా?"

వడ్రంగి సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

తప్పు గడపది కాదు. పోయిన శుక్రవారం గడప నిగనిగలాడాలని పసుపులో నువ్వుల నూనె కలిపి పూసింది నేను. అత్త పడిన చప్పుడుకు పరుగెత్తుకొచ్చి, ముందు గడప తుడిచాను. ఆ తర్వాతే ఆమెను లేపాను. ఈ మాట ఆయనతో ఇంతవరకు చెప్పలేదు.

వడ్రంగి వెళ్లాక పసుపు గిన్నె పట్టుకుని గడప ముందు కూర్చున్నాను. నూనె సీసాను పక్కకు నెట్టాను. అత్త అది చూసి, మెల్లగా అంది.

"ఉత్త నీళ్లతోనే కలుపు అమ్మీ. వానికి నేనేం సెప్పలేదులే."

ఆయన మాత్రం రేపు ఇంకో వడ్రంగిని తెస్తానంటున్నారు. వద్దని ఏ ముఖం పెట్టుకుని చెప్పను...